బీకాం తరగతిలో జీవశాస్త్రం

(బాన్సువాడలో చేసిన స్మారకోపన్యాసం, ముద్రణ పాఠం)

జీవశాస్త్రం చెప్పడంలోనే జీవితం గడిపిన ఒక గురువు స్మృతికి ఏర్పాటైన ఉపన్యాసమిది. ఇటువంటి వేదిక మీద ఆ శాస్త్రంలో కొత్తగా తేలిన సంగతులు చెప్పడం ఆనవాయితీ. ఈరోజు ఆ శాస్త్రం చదవకుండానే డిగ్రీ పుచ్చుకునేవారి గురించి మాట్లాడదలచుకున్నాను. పదో తరగతిలో జీవశాస్త్రం పేపరు రాసి బయటికొచ్చిన పదిహేను, పదహారేళ్ల పిల్ల ఇంటర్‌లో సీఈసీయో, హెచ్ఈసీయో, ఎంపీసీయో తీసుకుంటే ఆ శాస్త్రంతో ఆమె సంబంధం ఆ పరీక్ష గది గుమ్మం దగ్గరే తెగిపోతుంది. ఆ తర్వాత బీఏ, బీకాం చదువుతుంది. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. అత్తకు షుగరు వస్తే, నాన్నకు బీపీ వస్తే దవాఖానకు తిప్పుతుంది. పొలానికి ఏ మందు కొట్టాలో ఇంట్లో మాటొచ్చినప్పుడు తానూ ఒక మాట చెబుతుంది. ఆ బతుకంతటికీ శరీరం గురించి, ప్రాణం గురించి ఆమె దగ్గరున్న చదువు పదో తరగతిలో గీసిన గుండె పటం, పువ్వు నిలువుకోత, నాలుగైదు నిర్వచనాలు. బాన్సువాడ ఎస్.ఆర్.ఎన్.కె. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోనైనా, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం కింద ఉన్న మరే కళాశాలలోనైనా పరిస్థితి ఇదే. రాష్ట్రమంతటా దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా జరిగే డిగ్రీ ప్రవేశాల్లో కొన్నేళ్లుగా కామర్స్‌దే పెద్ద వాటా కనుక, మన పట్టభద్రుల్లో ఎక్కువమంది కథ ఇదే. సైన్సేతర విద్యార్థులందరికీ డిగ్రీలో ఒక సెమిస్టరు జీవశాస్త్రం ఉండాలని నా వాదన. బీఎస్సీ పాఠాల్లో నీళ్లు కలిపి పోస్తే అది ఆ కోర్సు కాదు. తన ఇంట్లో, తన ఊళ్లో ఉన్న ప్రశ్నను రుజువు దాకా నడిపించడం ఎలాగో నేర్పేదే నేను కోరే కోర్సు.

తెలుగువాళ్లకు జీవశాస్త్రం మొదట పరిచయమైంది గ్రూపుల గోడల మధ్య కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. దాని మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. చరిత్ర గ్రంథాలు అచ్చువేసిన ఆ గ్రంథమాలలోనే రసాయనశాస్త్రం, పదార్థవిజ్ఞానశాస్త్రం, జీవశాస్త్రం వచ్చాయి. జీవశాస్త్రం రాసినవారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. తెలుగు చదవగలిగిన ఎవరికైనా, చేసే పని ఏదైనా, ఈ సంగతులు తెలిసి ఉండాలన్న నమ్మకంతో వేసిన పుస్తకం అది. లక్ష్మణరావు స్వయానా చరిత్ర పరిశోధకుడు. జీవశాస్త్రం చరిత్రకారుడికెందుకని ఆయన అనుకోలేదు. డాక్టరు కావాలనుకునేవాడికే జీవశాస్త్రం అనే విభజన ప్రవేశపరీక్షలు పెరిగిన కొద్దీ బిగిసింది. బైపీసీ అంటే మెడిసిన్‌కు నిచ్చెన, ఆ నిచ్చెన ఎక్కనివాళ్లకు ఆ చదువుతో పనిలేదు అన్నట్టు స్థిరపడింది. ఇప్పుడు దాన్ని సడలించే వీలు కాగితం మీద ఉంది. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రం ప్రతి విద్యార్థీ తన శాఖకు బయట మూడు కోర్సులు, తొమ్మిది క్రెడిట్లు చదవాలంటుంది. ప్రకృతి శాస్త్రాలు అందులో ఒక విభాగం. కోర్సులను విద్యార్థే ఎంచుకునే మన రాష్ట్రపు సీబీసీఎస్ పద్ధతిలోనూ జెనెరిక్ ఎలెక్టివ్ అనే కిటికీ ఒకటి తెరిచారు. ఆ కిటికీలోంచి ఏమి లోపలికి రావాలన్నదే తేలాల్సిన విషయం.

ఈ ప్రాంతంలో ఆ కోర్సుకు మొదటి పాఠం ఏదని అడిగితే కల్లు అంటాను. తాటిగెల చివర కోస్తే, ఈతచెట్టు మొవ్వ కింద చెక్కితే కారే నీరా ఆకులు ఎండలో తయారుచేసుకున్న చక్కెర. ఆ చక్కెరను చెట్టు తన పువ్వులకూ పిందెలకూ పంపుకుంటుంటే గీతకార్మికుడు దారిలో కాచి పట్టుకుంటున్నాడు. చెట్టులో ఆహారం ఏ దారిన, ఎటు ప్రయాణిస్తుందన్న పాఠమంతా ఆ కోతలో ఉంది. లొట్టిలో పడ్డ గంట రెండు గంటల్లోనే ఆ తియ్యదనం పులుపెక్కుతుంది, నురుగు లేస్తుంది. గాలిలోంచి, లొట్టి గోడల్లోంచి వచ్చి చేరిన యీస్ట్ కణాలు చక్కెరను తిని సారాన్నీ బొగ్గుపులుసు వాయువునీ వదులుతున్నాయి. ఒక చుక్కను గాజుపలక మీద వేసి, ఏ జూనియర్ కళాశాలలోనైనా ఉండే మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే మొగ్గలు తొడుగుతున్న యీస్ట్ కణాలను బీకాం విద్యార్థి తన కళ్లతో చూడగలడు. పులియడమనేది ప్రాణులు చేసే పని అని పందొమ్మిదో శతాబ్దంలో పాశ్చర్ ఎందుకంత పట్టుబట్టి నిరూపించాల్సి వచ్చిందో అప్పుడు చెబితే చెవికెక్కుతుంది.

అక్కడితో ఆగితే అది చక్కని వృక్షశాస్త్ర పాఠం మాత్రమే. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల కల్లు దుకాణాల్లో సీసాల్లో అమ్ముడయ్యేదంతా చెట్టు నుంచి రాలేదని అందరికీ తెలుసు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి ఆ తేడా పూడుస్తున్నారని ఎక్సైజు అధికారుల దాడుల్లో ఏళ్ల తరబడి బయటపడుతూనే ఉంది. 2025 ఏప్రిల్‌లో మన పక్క నస్రుల్లాబాద్ మండలంలోని ఊళ్లలో కల్లు తాగి పదుల మంది అస్వస్థులై ఇదే బాన్సువాడ ఆసుపత్రిలో చేరారు. దీనికి రెండో ముఖం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, మూర్ఛలు వస్తూ ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు వరుసలు కట్టారు. తాగితే జబ్బు, మానితే జబ్బు ఎలా అయింది? మన మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఉంది. బండికి బ్రేకు ఎలాగో మెదడుకు అది అలాగ. అల్ప్రాజోలం, డైజిపాం ఆ బ్రేకు బలాన్ని పెంచుతాయి. నెలల తరబడి రోజూ బ్రేకు అలా నొక్కి ఉంచితే మెదడు ఊరుకోదు. దానికి ఎదురుగా వేగాన్ని పెంచుకుంటుంది, బ్రేకుకు స్పందించే గుణాన్ని తగ్గించుకుంటుంది. అందుకే నిరుడు ఒక సీసాకు వచ్చిన మత్తుకు ఈ ఏడు రెండు సీసాలు కావాలి. అందుకే ఒక్కసారిగా మానేస్తే పెంచుకున్న వేగం అలాగే ఉండి, బ్రేకు లేక మూర్ఛ వస్తుంది.

ఇంత తెలిసిన విద్యార్థికి తన ఊరి మనిషి వణుకును చూసే చూపు మారుతుంది. బుద్ధిలేనితనం, తిమ్మిరి, నటన అని ఊరు తీసిపారేసేదాంట్లో శరీరం చేసిన ఒక సర్దుబాటు ఉందని తెలుస్తుంది. దుకాణం రాత్రికి రాత్రే మూయించడం ఎందుకు ప్రాణాపాయమో, డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లగా ఎందుకు తగ్గించాలో అర్థమవుతుంది. ఆ విద్యార్థి రేపు పంచాయతీ సభ్యుడు కావచ్చు, ఎక్సైజు శాఖలో గుమాస్తా కావచ్చు, పత్రికా విలేకరి కావచ్చు. రాజనీతిశాస్త్రం చదివే బీఏ విద్యార్థికి మద్యపాన విధానం ఒక పాఠం. ఆ విధానం ఎవరి శరీరం మీద అమలవుతోందో ఆ శరీరం గురించి ఒక్క ముక్క లేకుండానే మనం ఆ పాఠం ముగిస్తున్నాం.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. పదో తరగతి దాకా అందరూ చదువుతూనే ఉన్నారు కదా, దానివల్ల ఏమి మారిందంటారు. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి వీర్యకణంలోని ఎక్స్, వై క్రోమోజోముల మీద ఆధారపడుతుందని మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, పరీక్షలో అడుగుతారు, పిల్లలు సరిగ్గానే రాస్తారు. అదే పిల్లలు పెద్దవాళ్లై రెండో ఆడపిల్ల పుట్టినప్పుడు కోడలిని ఆడిపోసుకునే ఇంట్లో నోరు మెదపరు. లింగనిర్ధారణ పరీక్షలను నిషేధిస్తూ 1994లో చట్టం తేవాల్సి వచ్చింది. తెలిసిన సంగతి మనిషిని మార్చలేదన్నది నిజమే. ఆ సంగతి వాళ్లకు ఎలా తెలిసిందో కూడా చూడాలి. రెండు మార్కుల జవాబుగా తెలిసింది. ఎవరు, ఎలా కనిపెట్టారో, ఎందుకు నమ్మాలో తెలియలేదు. మలేరియా సంగతీ అంతే. ఆడ ఎనాఫిలిస్ దోమ అని ఒక మార్కుకు రాస్తారు. మన బేగంపేటలోనే 1897లో రొనాల్డ్ రాస్ హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున అతనికి ఇచ్చి, ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూస్తూ, ఆగస్టు 20న రెక్కల మీద మచ్చలున్న దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలను కనుగొన్నాడని ఎంతమందికి చెబుతున్నాం? మలేరియా అన్న మాటకే చెడ్డగాలి అని అర్థం. గాలి చెడిందన్న నమ్మకం దోమ కడుపు దాకా నడిచిన దారి తెలిసినవాడికే, రేపు మరో నమ్మకం ఎదురైనప్పుడు ఎటు నడవాలో తెలుస్తుంది.

కోడలి సంగతిలోనూ తరగతి గదిలో చేయగలిగింది ఉంది. విద్యార్థులందరూ తమకు తెలిసిన కుటుంబాల్లో బిడ్డల వరుస రాసి తెస్తారు, పేర్లు లేకుండా. రూపాయి బిళ్లను ఎగరేసి బొమ్మ, బొరుసు వరుస పక్కన రాస్తారు. వరుసగా ముగ్గురు ఆడపిల్లలు ఎన్ని ఇళ్లలో పుట్టారో, వరుసగా మూడు బొరుసులు ఎన్నిసార్లు పడ్డాయో పోలుస్తారు. నలుగురిని ఒక చోట కూర్చోబెట్టి ఇలా పని చేయించే బోధన వట్టి ఉపన్యాసం కంటే మేలని చెప్పడానికి గట్టి ఆధారముంది. 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజనీరింగు, గణిత కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. ఉపన్యాసాలు మాత్రమే విన్న తరగతుల్లో సుమారు 34 శాతం తప్పితే, విద్యార్థులు చేతులతో, మాటలతో పాల్గొన్న తరగతుల్లో తప్పినవారు 22 శాతం. రూపాయి బిళ్ల ఆట ఏ అత్తనూ మార్చకపోవచ్చు. ఆ కోడలికి మాత్రం, తాను స్వయంగా లెక్కపెట్టిన లెక్క ఒకటి దొరుకుతుంది.

కళాశాలల్లో ప్రయోగశాలలు బీఎస్సీ వాళ్లకే చాలవు, బీకాం వాళ్లకెక్కడివి అనేది అధ్యాపకులు చెప్పే ఇబ్బంది. ఇది వాస్తవం. దీనికి సమాధానం జె.బి.ఎస్. హాల్డేన్ జీవితంలో ఉంది. ఇరవయ్యో శతాబ్దపు జన్యుశాస్త్రానికి గణిత పునాది వేసిన ముగ్గురిలో ఒకడైన ఆయనకు సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డులో గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నాడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు, తర్వాత భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు, భారత పౌరుడయ్యాడు. ఖరీదైన యంత్రాల కోసం ఎదురుచూడకుండా కళ్లతో, కాగితంతో చేసే జీవశాస్త్రం ఈ దేశంలో పుష్కలంగా ఉందని ఇక్కడి యువకులకు చెప్పి, చేయించాడు. ఆయన దగ్గరున్న సుబోధ్ కుమార్ రాయ్ పారిజాతం పూలకు రేకులు లెక్కపెట్టాడు; రెండు రకాల వరిని కలిపి నాటితే విడివిడిగా నాటినప్పటి కంటే దిగుబడి ఎలా ఉంటుందో పరీక్షించాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు చెవుల మీద వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తోందో వంశవృక్షాలు గీసి చూశాడు. 1964లో హాల్డేన్ చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారమే, దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థులకు ఇచ్చారు.

అలాంటి ప్రయోగశాలకు బాన్సువాడలో కొరత లేదు. 1923 నుంచి 1931 దాకా కట్టిన నిజాంసాగర్ కింద తొంభై ఏళ్లకు పైగా వరి పండుతున్న నేల ఇది. ఒకే మడిలో నుంచి యాభై దుబ్బులకు పిలకలు లెక్కపెట్టండి, యాభై కంకులకు గట్టిగింజలూ తాలుగింజలూ వేరుచేసి లెక్కపెట్టండి. ఒకే విత్తనం, ఒకే నీరు, ఒకే ఎరువు అయినా సంఖ్యలు ఒకటి కావు. బీకాం విద్యార్థులకు బిజినెస్ స్టాటిస్టిక్స్ అనే పేపరు ఎలాగూ ఉంది. సగటు, ప్రామాణిక విచలనం అనే మాటలు అందులో ఊహించిన దుకాణపు లెక్కల మీద నేర్చుకుంటారు. అవే లెక్కలు తన తండ్రి మడి మీద వేసినప్పుడు ప్రాణులన్నిటిలో ఉండే వైవిధ్యం అంకెల్లో కనిపిస్తుంది. గట్టువారగా ఉన్న దుబ్బులకు పిలకలు ఎక్కువెందుకో, నీడ పడిన చోట తక్కువెందుకో తర్కం మొదలవుతుంది. ఈ విషయంలో కామర్స్ విద్యార్థికి బైపీసీ విద్యార్థి కంటే ఒక మెట్టు మేలు అని నా అభిప్రాయం, లెక్క అంటే అతనికి బెదురు లేదు కనుక.

వైవిధ్యం అనగానే పరిణామం వస్తుంది, పరిణామం అనగానే మతవిశ్వాసాలు నొచ్చుకుంటాయన్న భయం వస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో వంశపారంపర్యం, పరిణామం అని ఉన్న అధ్యాయంలో నుంచి పరిణామాన్ని తీసేసినప్పుడు, 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. పదకొండులో జీవశాస్త్రం తీసుకోని విద్యార్థికి ఆ ఊసే జీవితంలో ఎదురుకాదన్నది వాళ్ల ప్రధాన ఆందోళన. మన రాష్ట్రపు పుస్తకాలు వేరు. అయినా ఆ వాదన మనకూ వర్తిస్తుంది. కోతి నుంచి మనిషి అన్న ఒక్క వాక్యంగా మిగిలిపోయిన పరిణామాన్ని పొలం గట్టు మీద మళ్లీ మొదలుపెట్టాలి. సుడిదోమ కనిపించగానే మందు కొడతారు. దోమలు చాలా చస్తాయి, ఆ మందును తట్టుకునే కొన్ని మిగులుతాయి, వాటి పిల్లలే తర్వాతి తరం. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు కూడా అదే మందుకు చస్తాయి, అవి మళ్లీ పెరగడానికి ఎక్కువ కాలం పడుతుంది. మూడోసారి కొట్టేసరికి మందు పనిచేయడం లేదంటారు, దోమ అంతకుముందుకంటే ఎక్కువైందంటారు. డార్విన్ చెప్పిన ఎంపిక అంతా ఆ మడిలోనే జరిగింది. మెడికల్ షాపులో అయిదు రోజుల యాంటీబయోటిక్ కోర్సుకు రెండు మాత్రలు కొనుక్కుని జ్వరం తగ్గగానే మానేసే అలవాటు వెనకా ఇదే లెక్క పనిచేస్తోంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 నోబెల్ ఉపన్యాసంలోనే చాలీచాలని మోతాదు క్రిములను ఆ మందుకు అలవాటు చేస్తుందని హెచ్చరించాడు. ఏ దేవుణ్ణి కొలిచేవారికైనా ఈ పాఠంలో నొచ్చుకోవలసింది నాకు కనిపించదు.

డాక్టర్లున్నారు కదా, వాళ్ల మాట వింటే సరిపోదా అన్నది ఇంకొక ప్రశ్న. వినాలి, వినడానికీ కొంత చదువు కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, దేశంలో ఇదే అత్యధికం; ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ సంఖ్య 81 శాతం దాటింది. ఇందులో అవసరమైనవెన్ని, ముహూర్తం చూసుకుని చేయించుకున్నవెన్ని, భయంతో ఒప్పుకున్నవెన్ని అని తెలుసుకోవాలంటే ఆ మంచం మీది మనిషి, పక్కనున్న భర్త ప్రశ్న అడగగలగాలి. నొప్పులు ఏ పని చేస్తాయి, మాయ ఎప్పుడు విడివడుతుంది, ఉమ్మనీరు ఎందుకు ముఖ్యం అన్నవి తెలియనివారు ఏమడుగుతారు? ఆపరేషన్ తర్వాత పాలు పడలేదని డబ్బాపాలు మొదలుపెట్టే ఇళ్లు ఎన్నో. బిడ్డ చీకే కొద్దీ తల్లి మెదడు నుంచి పాలు ఊరించే హార్మోను, పాలు వదిలించే హార్మోను విడుదలవుతాయి. చీకడం తగ్గితే పాలూ తగ్గుతాయి. డబ్బా పెట్టడమే పాలు పడకపోవడానికి కారణమవుతుందని ఈ ఒక్క వలయం తెలిస్తే చాలు. తల్లిపాల ప్రోత్సాహంలో బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రి 2022లో గుర్తింపు తెచ్చుకుంది. అక్కడి నర్సమ్మలు వార్డులో చెప్పే ఆ సంగతినే డిగ్రీ తరగతిలో అబ్బాయిలకూ చెప్పవచ్చు, డబ్బా కొనుక్కొచ్చేది వాళ్లే కనుక.

డాక్టరు లేనిచోట ఇంకా అవసరం. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కు నాటుమందు ఇస్తున్నారని వేలమంది గుమిగూడారు. వాళ్లను మూఢులనడం సులువు, తప్పు కూడా. ఆక్సిజన్ దొరకని రోజుల్లో ఆశ కోసం వెళ్లారు. మందు తీసుకున్నవాళ్లు కోలుకున్నారన్నది వాళ్ల దగ్గరున్న రుజువు. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకునేవారు; కాబట్టి తీసుకోనివాళ్లు ఎంతమంది కోలుకున్నారన్నది పక్కన పెట్టి పోల్చేదాకా ఆ రుజువు రుజువు కాదు. ఈ ఒక్క పోలిక అడగడం వస్తే నాటుమందునే కాదు, ఖరీదైన కంపెనీ మందునూ, టీవీ ప్రకటననూ అడగవచ్చు.

కాస్త జీవశాస్త్రం అసలు లేనిదాని కంటే ప్రమాదం కాదా అన్న మాటకు చరిత్రలో భయంకరమైన ఆధారాలున్నాయి. జాతుల మెరుగుదల పేరుతో అమెరికాలో వేలమందికి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసినవారు, జర్మనీలో మారణహోమానికి దారితీసినవారు, అందరూ వంశపారంపర్యం మాటే చెప్పారు. మన దగ్గరా కులాన్ని రక్తంలో చూపించాలనే ఉబలాటం చచ్చిపోలేదు. నాకున్న సమాధానం మేనరికం. ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల మీద 1960లలోనే పరిశోధన చేశారు. మేనమామను చేసుకున్న దంపతుల బిడ్డకు ఒకే పూర్వికుని నుంచి ఒకే జన్యువు రెండు వైపులా రాగల అవకాశం ఎనిమిదింట ఒకటి; మేనత్త కొడుకును, మేనమామ కూతురిని చేసుకుంటే పదహారింట ఒకటి. ఆ లెక్క ఒక్కటే చెప్పి వదిలేస్తే మేనరికం చేసుకున్న ప్రతి తల్లి మీదా నింద పడుతుంది, అరకొర చదువు చేసే అపకారం అదే. పూర్తి పాఠంలో ఆ జన్యువు దోషమున్నదైతేనే జబ్బు అనీ, మేనరికపు దంపతుల్లో ఎక్కువమందికి ఆరోగ్యమైన బిడ్డలే పుడతారనీ, మేనరికం కాని ఇళ్లలోనూ అలాంటి జబ్బులున్నాయనీ ఉంటుంది. ఆస్తి చీలకుండా, ఆడపిల్ల పరాయింట ఒంటరి కాకుండా ఉండడానికి ఆ ఆచారం ఎలా ఉపయోగపడిందో సమాజశాస్త్రం చదివే బీఏ విద్యార్థే తరగతికి చెబుతాడు. ఒకే వంశవృక్షాన్ని చుట్టరికంగానూ జన్యువుల ప్రవాహంగానూ చదవగలిగిన తరగతిలో, రక్తంలో కులముందన్న మాట నిలబడదు. చాలీచాలని చదువుకు మందు ఇంకాస్త చదువే.

భాష మాటా చెప్పాలి. కిరణజన్య సంయోగక్రియ అన్న పదాన్ని తప్పు లేకుండా రాసే పిల్లలకు అది తమ పెరటి చిక్కుడు పాదులో జరుగుతోందన్న స్పృహ ఉండదు. ఇంగ్లీషు మీడియంలో పదం మారుతుంది, దూరం తగ్గదు. ఈ కోర్సు నడవాల్సింది పులియడం, పిలక, తాలు, కార్జం, గుర్దా, మాయ, ఉమ్మనీరు అనే మాటల మీద. వాటి పక్కన శాస్త్రనామం కూడా చెప్పాలి, దవాఖాన కాగితం మీద ఆ పేరే ఉంటుంది కనుక.

ఇవన్నీ ఒప్పుకున్నా, ఈ పేపరుకూ పర్యావరణ విద్యకు పట్టిన గతే పడుతుందని అనుభవజ్ఞులు అంటారు. 1991 నవంబరులో ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి చేయమంది. తర్వాత యూజీసీ అన్ని డిగ్రీ కోర్సులకూ పాఠ్యక్రమం తయారుచేసింది. అందులో క్షేత్రపర్యటన కూడా ఉంది. ఆచరణలో అది చాలాచోట్ల ఏ అధ్యాపకుడికి గంటలు తక్కువైతే ఆయనకు అంటగట్టే పేపరైంది. పరీక్ష ముందురాత్రి గైడులో చదివే పేపరైంది. ఉద్యోగానికి పనికిరాదు, మార్కుల మెమోలో ఒక వరుస మాత్రమే అని విద్యార్థులు దాన్ని తూచారు. నేను చెబుతున్న కోర్సుకు ఈ ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే దాన్ని తప్పనిసరి చేయమని మొదటి రోజే అడగను. ఒక కళాశాలలో, ఒక సెక్షన్‌కు, నలభై మందికి మించకుండా, చెప్పాలని మనసున్న జంతుశాస్త్ర లేదా వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఎలెక్టివ్‌గా మొదలుపెట్టాలి. పాఠాలు అయిదారుకు మించకూడదు: కల్లు, వరి, కాన్పు, మందు పనిచేయడం మానేయడం, వంశవృక్షం. కప్ప కోయడం, వర్గీకరణ పట్టికలు, క్రెబ్స్ వలయపు మెట్లు వదిలేయడానికి సంకోచించకూడదు. బీడీలు చుట్టే తల్లుల చేతుల చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి ఎలా ఇంకుతుందన్న పాఠం ఈ జిల్లాకు ఆరోది కావచ్చు. నీటిపారుదల లేని జిల్లాలో వరి స్థానంలో మరొకటి రావచ్చు.

పరీక్ష ఎలా పెడతారన్నదాని మీద అంతా ఆధారపడి ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన ఆర్ఎన్ఆర్ 15048, మనం తెలంగాణ సోనా అనే సన్న రకం, గ్లైసిమిక్ సూచీ 51 దగ్గర ఉన్న బియ్యమని పేరు. ఆ పేరు చూపించి షుగరు ఉన్నవాళ్లు ఎంతైనా తినవచ్చన్న మాట బజార్లో పుట్టింది. ప్రశ్నపత్రంలో ఆ మాట ఒక్కటే ఇవ్వండి. ఆ సూచీ ఎలా కొలుస్తారు? యాభై గ్రాముల పిండిపదార్థం తిన్న తర్వాత రెండు గంటల పాటు రక్తంలో చక్కెర ఎంత పెరిగిందో చూసి, అంతే గ్లూకోజుతో పోలుస్తారు. అది తినే పరిమాణం గురించి ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు? గంజి వార్చిన అన్నానికీ, చద్దన్నానికీ, పప్పు కలిపి తిన్నదానికీ అదే అంకె వర్తిస్తుందో లేదో తెలుసుకోవడానికి నువ్వు ఏ పరీక్ష చేస్తావు, ఎంతమంది మీద, దేనితో పోల్చి? పుస్తకం తెరిచి రాయనివ్వండి, పక్కవాడితో చర్చించి రాయనివ్వండి. అలాంటి ప్రశ్నకు గైడు అచ్చువేయడం కష్టం, ఏటా బియ్యం మారినా, ప్రకటన మారినా ప్రశ్న మారుతుంది కనుక. వానాకాలం సెమిస్టరు మొదలయ్యే రోజులకు నిజాంసాగర్ ఆయకట్టులో నాట్లు పడుతుంటాయి. నాటిన నలభై రోజులకు పిలకలు లెక్కకు వస్తాయి, కోతలకు ముందు కంకులు. మొదటి తరగతికి కావలసింది ఒక మడి రైతు అనుమతి, ఒక రూళ్ల పుస్తకం, నలభై మంది విద్యార్థులు.